చెరిపేస్తే చెరిగిపోవాలి

ఒంట్లో నలతగా ఉన్నా, ఇంట్లో గొడవైనా, అప్పులవాళ్లు మీదపడ్డా చాలామంది ఇప్పుడు చాట్‌జీపీటీతో చెప్పుకుంటున్నారు. వకీలుకు చెప్పుకున్న మాటకు చట్టం కాపుదల ఉంది. చాట్‌జీపీటీకి చెప్పుకున్న మాటకు లేదని దాన్ని నడిపే ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ 2025 జూలైలో తానే ఒప్పుకున్నారు.

ఎప్పుడు కావాలంటే అప్పుడు డిలీట్ చేసేయొచ్చన్నదే మన ధీమా. అది ఎంత పల్చనిదో ఆ ఏడాది మే నెలలోనే తేలింది. న్యూయార్క్ టైమ్స్ వేసిన కాపీరైట్ దావాలో, సంభాషణల రికార్డు చెరపకుండా అట్టిపెట్టమని అమెరికా కోర్టు ఓపెన్‌ఏఐని ఆదేశించింది. మామూలుగా 30 రోజుల్లో పోవలసినవీ, జనం చేతులారా చెరిపేసినవీ అలాగే ఉండిపోయాయి. పెద్ద సంస్థలు కొనుక్కునే ఎంటర్‌ప్రైజ్ ఖాతాలను మాత్రం ఆదేశం తాకలేదు. దావాతో ఏ సంబంధమూ లేని మామూలు మనిషి తన గోడు చెప్పుకోబోతే కోర్టు ఆ అర్జీని తోసిపుచ్చింది. కొత్త చాట్లను అట్టిపెట్టే బాధ్యత సెప్టెంబరు 26న ముగిసింది. నెలల తరబడి జనం చెరిపామనుకున్నది మాత్రం చెరగలేదు.

కోర్టు జోక్యం లేకపోయినా చిక్కు ఉంది. మన గురించి ‘గుర్తుపెట్టుకున్న’ సంగతులను చాట్‌జీపీటీ విడిగా దాస్తుంది. చాట్ తీసేసినా అవి పోవు. సెట్టింగులలో వెతికి మరోసారి తీసేయాలి. ఎంతమందికి తెలుసు ఈ సంగతి? ఇక మన మాటలతో మోడల్‌కు ఒకసారి శిక్షణ ఇచ్చాక, అందులోంచి ఒక్కరి సంగతులు ఏరి తీయడానికి నమ్మదగిన పద్ధతి ఇంకా లేదు. మనల్ని ఎరిగినట్టు మాట్లాడే యంత్రం, మన గురించి ఏం ఎరుగునో మనకు పూర్తిగా చూపదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

గోప్యత ప్రాథమిక హక్కేనని మన సుప్రీంకోర్టు 2017లోనే తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంతో తేల్చింది. 2023 డేటా రక్షణ చట్టం మన వివరాలు చెరిపించుకునే హక్కు ఇచ్చింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల ప్రధాన బాధ్యతలు అమలుకు రావడానికి మరో 18 నెలల గడువు పెట్టారు. అంతదాకా ఆగనక్కర్లేదు. చాట్‌నూ, దాన్నుంచి దాచుకున్న జ్ఞాపకాలనూ ఒకే మీటతో తీసేసే వీలు కంపెనీలు ఇప్పుడే ఇవ్వాలి. శిక్షణకు మన మాటలు కావాలంటే ముందే అడగాలి, తెలుగులో అడగాలి. ఏదైనా కోర్టు చెరపవద్దంటే, ఎవరి మాటలు చెరగకుండా ఉండిపోయాయో వాళ్లకు ఆ సంగతి నేరుగా తెలియజేయాలి.