కట్టు విప్పాక మొదలయ్యే వైద్యం

మీ ఇంట్లో ఎవరికైనా ఎముక విరిగి ఆపరేషన్ అయిందనుకోండి. డిశ్చార్జ్ రోజు ఇచ్చే కాగితంలో మందుల సంగతి వివరంగా ఉంటుంది. చివర్లో మాత్రం 'ఫిజియోథెరపీ చేయించాలి' అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. ఎన్నాళ్లు, ఏ పని చేయగలిగేదాకా అన్నది సాధారణంగా ఎవరూ చెప్పరు. ఇంటికొచ్చాక చుట్టాలందరిదీ ఒకటే మాట: 'కదలకండి, రెస్టు తీసుకోండి.'

2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్, ఫిజియోథెరపిస్టులు పేరు ముందు 'డాక్టర్' అని పెట్టుకోకూడదంటూ లేఖ ఇచ్చి, మర్నాడే వెనక్కి తీసుకుంది. దానిమీద పెద్ద రభసే జరిగింది. కానీ మీకు కావలసింది ఆ హోదా తగువు కాదు కదా! అమ్మ మళ్లీ తనంతట తాను బాత్రూమ్‌కి వెళ్లగలదా, ఆ ఖర్చు ఎవరు భరిస్తారన్నదే మీ ప్రశ్న.

ఖర్చు సంగతే చూద్దాం. చాలా బీమా పాలసీలు ఆసుపత్రి నుంచి వచ్చాక 60 లేదా 90 రోజుల ఖర్చులకే పరిమితం. మోకాలి లిగమెంట్ సర్జరీ తర్వాత మళ్లీ ఆటలాడాలంటే సాధారణంగా తొమ్మిది నెలలైనా పడుతుంది. 2022 డిసెంబరు 30న కారు ప్రమాదంలో గాయపడిన రిషభ్ పంత్ తిరిగి మైదానంలోకి వచ్చింది 2024 మార్చిలో. నిత్యం నిపుణులు వెంట ఉన్న క్రీడాకారుడికే దాదాపు 15 నెలలు పట్టింది. మనవాళ్లేమో పది సిట్టింగులయ్యాక నొప్పి తగ్గిందని మానేస్తారు.

నొప్పి తగ్గడం వేరు, బలం రావడం వేరు. వేడి కాపడం, కరెంటు మెషిన్ పెట్టించుకుంటే కాస్త ఉపశమనం ఉంటుందేమో గానీ, పడుకుని చేయించుకునే చికిత్సతో కండ పెరగదు. కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేవడం, మెట్లెక్కడం, బకెట్ ఎత్తడం... ఏ పని ఆగిపోయిందో ఆ పనినే కొద్దికొద్దిగా సాధన చేయించాలి. ఫంక్షనల్ రిహాబ్ అంటే ఇదే. కాబట్టి ఫిజియోథెరపిస్టును మొదటిరోజే అడగండి: 'నెలకి మా నాన్న ఏ పని చేయగలగాలి?' జవాబు మెషిన్ పేరైతే ఇంకోచోట చూసుకోండి.

తుంటి ఎముక విరిగిన పెద్దవారి విషయంలో ఆలస్యం మరీ ప్రమాదం. వేరే అడ్డంకి లేకపోతే ఆపరేషన్ మర్నాడే లేపి నిలబెట్టాలన్నది ఇవాళ్టి వైద్యపద్ధతి. చూసేవాళ్లకి కఠినంగానే అనిపిస్తుంది. కానీ మంచం మీదే ఉంచితే కండ కరిగిపోతుంది, పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వస్తుంది. ఎంత బరువు మోపవచ్చో, కింద కూర్చోవచ్చో లేదో మాత్రం సర్జన్‌నే అడగండి. పిక్క వాచి నొప్పి పెడుతున్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వ్యాయామం ఆపేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అది రక్తం గడ్డకట్టిన సూచన కావచ్చు.