ఏ సగంలోనూ లేని నైపుణ్యం

లెక్కలు బాగా చేసే పిల్లాడిది ఎడమ మెదడు, కోడింగ్‌కి పనికొస్తాడు. బొమ్మలు వేసే అమ్మాయిది కుడి మెదడు, డిజైన్‌లో చేర్పించండి. మన నగరాల్లో వేలిముద్రలు తీసుకుని పిల్లల భవిష్యత్తు చెప్పేవాళ్ల మాట ఇది. ఈ పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ ప్రకటించినా తల్లిదండ్రులు డబ్బు పోస్తూనే ఉన్నారు. కంప్యూటర్ విద్య పుట్టుకతో వచ్చేదన్న ఈ నమ్మకం పిల్లలతో పాటు విమానమెక్కి అమెరికా దాకా వెళుతోంది. అక్కడ వాళ్లకు నిజంగా అవసరమయ్యే నైపుణ్యాన్ని మాత్రం ఎవరూ నేర్పి పంపడం లేదు.

ఈ అపోహకు మూలం ఒక గొప్ప పరిశోధన. 1960ల్లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో రోజర్ స్పెర్రీ, ఆయన శిష్యుడు మైఖేల్ గజానిగా కొందరు మూర్ఛ రోగులను పరీక్షించారు. మెదడు రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కలోసమ్‌ను శస్త్రచికిత్సలో కోసిన రోగులు వాళ్లు. చూపుకు కుడివైపున ఒక బొమ్మ చూపిస్తే దాని పేరు చెప్పేవారు. ఎడమవైపున చూపిస్తే ఏమీ కనిపించలేదనేవారు. కానీ ఎడమ చేతితో తడిమి అదే వస్తువును తీసి చూపించేవారు! మాటలాడే శక్తి ప్రధానంగా ఎడమ అర్ధగోళానిదని అలా మరింత స్పష్టమైంది. 1981లో స్పెర్రీకి నోబెల్ వచ్చింది. అయితే రోగుల్లో తెగిన ఆ కట్ట మనలో తెగలేదు. సుమారు 20 కోట్ల నరాల పోగులు క్షణక్షణం రెండు వైపులనూ కలుపుతూనే ఉన్నాయి. యూటా విశ్వవిద్యాలయం 2013లో 7 నుంచి 29 ఏళ్ల వయసున్న 1,011 మంది మెదడు స్కాన్‌లను పరిశీలించింది. కొన్ని పనులు ఒక పక్కకు మొగ్గుతాయి, నిజమే. ఒక మనిషి మొత్తంగా ఎడమ మెదడువాడనో, కుడి మెదడువాడనో చెప్పడానికి మాత్రం ఆధారం దొరకలేదు.

మరి డిజిటల్ నైపుణ్యంలో ఇంత తేడా ఎందుకు? షికాగోలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది విద్యార్థులను ఎస్తర్ హార్గిట్టాయ్ అధ్యయనం చేశారు. అందరూ ఇంటర్నెట్‌తో పెరిగినవాళ్లే. అయినా నైపుణ్యం అందరిలో ఒకేలా లేదు. బాగా చదువుకున్న తల్లిదండ్రుల పిల్లలు ముందున్నారు. తేడాకు మూలం పుర్రెలో కాదు, ఇంట్లో కనిపించింది.

తెలివితేటలు ఉంటే సరిపోతుందా అంటే, అదీ కాదు. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 10 మంది చరిత్రకారులకు, 10 మంది ఫ్యాక్ట్ చెకర్లకు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి 2017లో ఫలితాలు వెల్లడించారు. ఇచ్చినవి రెండు శిశువైద్య సంఘాల వెబ్‌సైట్లు. ఒకటి 1930లో పుట్టి, 60 వేలకు పైగా సభ్యులున్న అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్. రెండోది దాని నుంచి 2002లో చీలిన చిన్న వర్గం. స్టాన్‌ఫర్డ్ పిల్లల్లో సగానికి పైగా ఆ చిన్న వర్గాన్నే ఎక్కువ నమ్మారు. పేజీ నీటుగా ఉంది, శాస్త్రీయంగా కనిపించింది, అంతే. చరిత్రకారుల్లోనూ చాలామంది తడబడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం ఆ పేజీని పూర్తిగా చదవకుండానే కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఆ సంఘం గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. నిజం నిమిషాల్లో తేలింది. ఇది నేర్పితే వచ్చే పనే. మెక్‌గ్రూ బృందం తర్వాత ఒక విశ్వవిద్యాలయంలో 75 నిమిషాల పాఠాలు రెండు చెబితే, ఆ విద్యార్థులు పాఠాలు వినని వాళ్లకంటే మెరుగయ్యారు.

ఇలా బయట వెతికి చూడటం మనకెంత అవసరమో 2011 జనవరి చెప్పింది. కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీపై అధికారుల దాడులు జరిగాయి. గుర్తింపు లేని ఆ సంస్థలో 1,500 మందికి పైగా పేర్లు నమోదై ఉన్నాయి. ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో కాలర్లు తగిలించారు. నడిపినావిడకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. విద్యార్థుల్లో కొందరు పని అనుమతి కోసమే తెలిసి చేరారన్న ఆరోపణలూ వచ్చాయి. కానీ తెలియక చేరిన బిడ్డకు, దాని గుర్తింపు గురించి వేరే చోట ఒక్కసారి వెతికి చూడాలని ఇక్కడ ఎవరు చెప్పారు?

2019లో బయటపడిన ఫార్మింగ్టన్ సంగతి ఇంకా బాధాకరం. మిషిగన్‌లో ఆ విశ్వవిద్యాలయాన్ని వెబ్‌సైట్‌తో సహా అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే వలగా సృష్టించారు. గుర్తింపునిచ్చే ఒక సంస్థ జాబితాలోనూ పేరు పెట్టించారు. అక్కడ జాబితా చూసుకున్నవాళ్లు కూడా మోసపోయేవారే. క్లాసులెక్కడ, పాఠాలు చెప్పేదెవరు అన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది. ప్రభుత్వమే అబద్ధం అల్లినప్పుడు తప్పంతా పిల్లల మీదకు నెట్టడం అన్యాయం.

మన ఇంజినీరింగ్ కళాశాలలు చివరి ఏడాదిలో జావా, పైథాన్‌తో పాటు వెబ్‌సైట్లను పరీక్షించడం నేర్పే ఆ రెండు పాఠాలూ పెట్టాలి. దానికి కొత్త ల్యాబ్ అక్కర్లేదు. తల్లిదండ్రులకు నా విన్నపం: వేలిముద్రల పరీక్షకు కట్టే డబ్బు మిగుల్చుకోండి. పిల్లల పక్కన కూర్చుని, కన్సల్టెన్సీ చెప్పిన విశ్వవిద్యాలయం పేరును అమెరికా విద్యాశాఖ ఉంచిన, గుర్తింపు పొందిన సంస్థల జాబితాలో వెతకండి, అది ఉచితం. ఆపైన అక్కడ ఇప్పుడు చదువుతున్న ఒకరితో మాట్లాడి, రోజూ క్లాసులు జరుగుతున్నాయో లేదో అడిగాకే ఫీజు కట్టండి.