చిలకకు తెలియని జాతకం

మా వీధిలో ఒక పిన్నిగారు పదేళ్ళుగా పెంచుతున్న రామచిలకను ఎవరికైనా ఇచ్చేస్తానన్నారు. అది ఇంట్లో ఉన్నంతకాలం కష్టాలు తీరవని చిలకజోస్యం వాడు చెప్పాడట! "గాల్లోకి వదిలేస్తే పుణ్యం" అని పక్కింటివారి సలహా.

జోస్యం చిలక కార్డు తీసేది జాతకం తెలిసి కాదు, గింజ దొరుకుతుందని. ఇక పుణ్యం సంగతి. రెక్కలు కత్తిరించిన చిలక ఎగరలేదు, పంజరంలో పెరిగినదానికి తిండి వెతుక్కోవడం రాదు. అది పిల్లికో కాకికో ఆహారమవుతుంది. ఇది విముక్తా, హత్యా?

పోనీ, ఎవరైనా పెంచుకుంటారా అంటే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలకను పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. ఇల్లు మార్చినంత మాత్రాన నేరం మారదు. సరైన దారి అటవీ శాఖకు అప్పగించడమే. కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి వస్తాయి, ఎగరగలిగాకే వదలాలి. ఖాళీ పంజరంలోకి ఇంకో చిలకను కొనకూడదు. కొంటే, మరో చెట్టుతొర్రలో పిల్ల మాయమవుతుంది.

పిన్నిగారు ఒప్పుకున్నారు. పంజరం అప్పగించి వస్తూ, "మరి నా కష్టాలో, నాయనా?" అన్నారు.

"అవి చిలక తెచ్చినవి కావు పిన్నీ, చిలకతో పోవు."