గన్‌ఫౌండ్రీ గుడి: ముసలితనం రోగం కాదు



ఉప్పల్, నాచారం వైపు కొత్త గుడులు, ప్రార్థన మందిరాలు చాలా వచ్చాయి. సంతోషమే. అయితే, "ఊరి నడిబొడ్డున ఆ పాత గుడులు ఎందుకు సిస్టర్? పడగొట్టి ఏసీ హాళ్ళు కడితే పోదా?" అని కొందరు యువకులు మాతో అంటున్నారు. దీనిపై మా అభిప్రాయం చెబుతాము.

అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసఫ్స్ కతీడ్రల్ మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ పేటకు ఆ పేరు ఫిరంగుల కార్ఖానా వల్ల వచ్చింది. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో దానిని పెట్టించాడు. ఫిరంగులు పోతపోసిన పేటలోనే తరువాత గుడి గంటలు మోగాయి.

1869లో ఇటలీ మిషనరీ ఫాదర్ తాలియాబువే అక్కడ స్థలం కొన్నారు. 1870 మార్చి 18న పునాదిరాయి వేశారు. 1875 క్రిస్మస్ నాడు గుడి తెరిచి పూజ జరిపించారు. అప్పటికి ముందుభాగం, బురుజులు ఇంకా పూర్తికాలేదు. అవి 1891లో పూర్తయ్యాయి. ఇటలీ నుంచి తెప్పించిన ఐదు గంటలను 1892లో పైకెక్కించారు. పునాది నుంచి గంటల దాకా 22 ఏళ్ళు! పునాదినాడు రాయి మోసిన పడుచువాడు గంట వినేసరికి నడివయసువాడై ఉంటాడు. అంత ఓపికతో కట్టినదాన్ని పడగొట్టమనడం మాకు బాధగా ఉంది.

మా వార్డులో 80 ఏళ్ళ అమ్మమ్మ చేరితే "ఇంకా ఎందుకు" అని అడగము. ఏ మందు పడుతుందో, ఏది పడదో చూస్తాము. పాత గుడికీ అదే న్యాయం. ఆ కాలపు గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నం లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకొని గోడ ఉబ్బుతుంది, పెచ్చులు ఊడతాయి. అది ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చినట్టే. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు ఉన్నచోట గాలి బాగా ఆడుతుంది. క్షయ గాలి ద్వారా వ్యాపించే రోగమని మీకు తెలుసు. వందలమంది కూర్చునే చోట కిటికీలన్నీ మూసి ఏసీ పెట్టడం ఆరోగ్యానికి మేలు కాదు.

అలాగని పాతదంతా ముట్టుకోకూడదని మేము అనము. మోకాళ్ళ నొప్పులవారికి మెట్ల పక్కన ర్యాంపు, పట్టుకోవడానికి కమ్మీ, దగ్గరలో మరుగుదొడ్డి తప్పక ఉండాలి. కప్పు ప్రమాదంగా ఉంటే ఇంజనీరు చెప్పేదాకా జనాన్ని లోపలికి పంపకూడదు. ప్రాణం కంటే గోడ ఎక్కువ కాదు.

కనుక విచారణ పెద్దలకు మా మనవి. మీ గుడి పాతదైతే, రంగులు వేయించేముందు సున్నపు పని తెలిసిన మేస్త్రీని అడగండి. వానాకాలానికి ముందే కప్పు మీది తూములు శుభ్రం చేయించండి. గోడలో మొలిచిన రావి మొక్కను చిన్నప్పుడే తీయించండి. చిన్న పుండును ముందే కడిగితే పెద్ద ఆపరేషన్ తప్పుతుంది కదా!

తల్లిదండ్రులారా, ఒక ఆదివారం పిల్లలను గన్‌ఫౌండ్రీ తీసుకెళ్ళండి. ఆ గంటలు వారిని కూడా విననివ్వండి.