అభిప్రాయానికీ కుల ధ్రువీకరణేనా?

బేగంబజార్‌లోని ఒక మసాలా దినుసుల టోకు దుకాణంలో లెక్కలు రాసే యువకుడు ఇటీవల నా చేతికి నాలుగు కాగితాలు ఇచ్చాడు. అవి దుకాణం బిల్లు పుస్తకంలోంచి చింపినవి. ఒకవైపు జీలకర్ర, ధనియాల తూకాలు. రెండోవైపు నేటి రాజకీయాలపైన, చదువులపైన, నాయకులపైన అతని అభిప్రాయాలు. తండ్రి అదే బజారులో హమాలీ. కొడుకు ఒక ప్రైవేటు కళాశాలలో డిగ్రీ ముగించాడు. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌పై పాత పుస్తకాలు వెతుక్కుంటాడు. నేను వృత్తిరీత్యా అలవాటైన పనే చేశాను. ఎర్రకలంతో మూడుచోట్ల ‘ఆధారం?’ అని రాసి కాగితాలు తిరిగి ఇచ్చేశాను.

వాటిని చూసి అతను అన్నమాట ఇది: ‘‘ఆధారం ఏందంటరా సార్? నా మెమోలు కాలేజీ బీరువల ఉన్నయి.’’

ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు కనుక బకాయి కట్టేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వబోమని కళాశాల చెప్పింది. సర్టిఫికెట్లు లేనిదే పీజీలో చేరలేడు. ఇది ఒక్క కళాశాల దుర్మార్గమని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. బకాయిలు విడుదల చేయాలంటూ 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలే బంద్ పాటించాయి. ప్రభుత్వం కళాశాలకు బాకీ పడితే కళాశాల విద్యార్థిని తాకట్టు పెట్టుకుంటోంది. బేగంబజార్ భాషలో చెప్పాలంటే సరుకు ఒకరిది, అప్పు మరొకరిది, జప్తు మాత్రం మూడోవాడి ఇంట్లో. 2008లో వెనుకబడిన తరగతులకు, ఇతర పేద విద్యార్థులకు ఈ పథకాన్ని విస్తరించినప్పుడు వేలాది కుటుంబాల్లో మొదటితరం పట్టభద్రులు తయారయ్యారన్నది కాదనలేని సత్యం. అయితే హక్కుగా వచ్చిన ఆ చదువు ఆర్థికశాఖ విడుదల చేసే వాయిదాల దయగా మారిపోయింది. విధాన నిర్ణయంపై విద్యార్థికి అభిప్రాయం ఏర్పడేది ఇక్కడే. అందుకు అతను ఏ గ్రంథమూ తిరగేయనక్కరలేదు.

అతని కాగితాల్లో అంబేడ్కర్ గురించి ఒక వాక్యం ఉంది. 2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో ఆవిష్కరించిన విగ్రహం 125 అడుగులని ప్రతి నాయకుడూ చెబుతాడట, తమ బస్తీలో ఎందరు పిల్లలు ఫీజు బకాయితో ఇంట్లో కూర్చున్నారో ఒక్కడూ చెప్పడట. నేను ‘ఆధారం?’ అని రాసిన చోట్లలో ఇదొకటి. వాక్యం దురుసుగా ఉన్న మాట నిజమే. కానీ దాన్ని నేను ఆపింది దురుసుతనం వల్లనా, లేక రాసినవాడు హమాలీ కొడుకు కావడం వల్లనా? ఇదే వాక్యం పేరున్న సంపాదకుడు రాస్తే ఆధారం అడిగేవాడినా? ఈ ప్రశ్నకు నా దగ్గర గౌరవప్రదమైన సమాధానం లేదు. పైగా ఆ కాగితాల సంగతి చెప్పగానే నా సహోద్యోగి ఒకాయన అడిగిన మొదటి ప్రశ్న ‘ఏ సంఘం వాడు?’, రెండవ ప్రశ్న ‘ఏ కులం?’. ఏం రాశాడని అడగలేదు.

రోహిత్ వేముల మరణించి 2026 జనవరి 17 నాటికి పదేళ్లు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆ యువ పరిశోధకుడు మొదట ఎస్‌ఎఫ్‌ఐలో, తరువాత అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌లో పనిచేశాడు. మరణశిక్షపై, మతతత్వంపై, వామపక్షాలపై, విశ్వవిద్యాలయాల్లోని వివక్షపై అతనికి అభిప్రాయాలున్నాయి. ఫేస్‌బుక్‌లో రాసుకున్న ఆ మాటలు అతని మరణానంతరం పుస్తకంగా కూడా వచ్చాయి. అవన్నీ సరైనవేనని ఎవరూ అనక్కరలేదు. వాటిలో కొన్నింటితో నాకూ పేచీ ఉంది. అయితే వాటికి వచ్చిన జవాబు ఎలాంటిది? 2015 ఆగస్టులో ఒక కేంద్రమంత్రి మరో కేంద్రమంత్రికి రాసిన లేఖలో ఆ క్యాంపస్‌ను కులతత్వ, తీవ్రవాద, దేశవ్యతిరేక రాజకీయాల స్థావరంగా చిత్రించారు. డిసెంబరు నాటికి అయిదుగురు దళిత విద్యార్థులను హాస్టల్ నుంచి బహిష్కరించారు. జనవరి మొదటివారంలో వారు ఆరుబయట గుడారం వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. ఊరి చివర ఉండే ఆ పేరు విశ్వవిద్యాలయం నడిబొడ్డుకు వచ్చింది. రోహిత్ ఫెలోషిప్ సొమ్ము నెలల తరబడి చేతికి అందలేదు. అభిప్రాయాన్ని చర్చతో ఓడించలేనప్పుడు భోజనాన్ని, పడకను, భత్యాన్ని ఆపడం మన సంస్థలకు బాగా తెలిసిన విద్య.

మరణం తరువాత జరిగింది ఇంకా విచిత్రం. ఆ యువకుడిని అక్కడిదాకా నెట్టిందెవరన్న ప్రశ్న పక్కకు పోయి, అతను దళితుడా కాదా అన్నది విచారణాంశమైంది. 2024 మేలో తెలంగాణ పోలీసులు దాఖలుచేసిన ముగింపు నివేదిక అతను ఎస్సీ కాదని తేల్చింది. నిరసన వెల్లువెత్తాక పునర్విచారణ చేస్తామన్నారు. మాల కులస్థురాలైన తల్లి రాధిక కుట్టుపని చేస్తూ ఒంటరిగా పెంచిన కొడుకు కులాన్ని, దూరమైన తండ్రి కులంతో కొలవాలన్న వాదనలోని పితృస్వామ్యం గురించి విడిగా రాయవలసి ఉంది. ఇక్కడ చెప్పదలచింది ఒక్కటే. బతికున్నప్పుడు కులాన్నిబట్టి అతని అభిప్రాయాన్ని తూచారు. చనిపోయాక ఆ కులం కూడా అతనిది కాదన్నారు.

ఈ అలవాటు కొత్తది కాదు. 1936లో లాహోర్‌లోని జాత్‌పాత్ తోడక్ మండల్ అంబేడ్కర్‌ను అధ్యక్షోపన్యాసానికి పిలిచి, ప్రసంగపాఠం చూశాక మార్పులు కోరింది. ఆయన ఒప్పుకోకపోవడంతో సభే రద్దయింది. ఆయన దాన్ని సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చువేయించారు. ‘కుల నిర్మూలన’ మనకు అలా దక్కింది. కులాన్ని బద్దలుకొట్టే వారి సభలోనే ఆ గొంతు ఇమడలేదు.

యువకుడి రెండో కాగితంలో కులాంతర వివాహాల ప్రస్తావన ఉంది. 2022 మేలో ఇదే బేగంబజార్‌లో, వేరే కులపు అమ్మాయిని ప్రేమించి పెళ్లాడిన యువ వ్యాపారిని నడిబజారులో నరికి చంపారు. అమ్మాయి బంధువులను పోలీసులు అరెస్టు చేశారు. పత్రికలు దాన్ని ‘పరువు హత్య’ అన్నాయి. ఎవరి పరువు అని అతను రాశాడు. చంపినవాడి మాటను పత్రిక తన మాటగా ఎందుకు అచ్చువేసింది? ఇక్కడ మాత్రం నేను ‘ఆధారం?’ అని రాయలేదు. ఆ ప్రశ్న నాకు తట్టనందుకు కొంచెం సిగ్గుపడ్డాను.

ఇలాంటి ప్రశ్నలు అడిగే చోటు క్యాంపస్‌లో ఉందా? 1989 నుంచి దేశంలో పద్దెనిమిదేళ్లకే ఓటు. దాదాపు అదే కాలం నుంచి ఉస్మానియా వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘ ఎన్నికలు లేవు. ముఖ్యమంత్రిని ఎన్నుకునే పరిణతి ఉన్నవాడికి హాస్టల్ మెస్ కార్యదర్శిని ఎన్నుకునే పరిణతి లేదన్నమాట! ఎన్నికలు జరపాలని 2006లో లింగ్డో కమిటీ సిఫారసు చేసినా కదలిక లేదు. 2025 మార్చిలో ఉస్మానియా అధికారులు క్యాంపస్‌లో ధర్నాలు, నినాదాలు వద్దని సర్క్యులర్ కూడా ఇచ్చారు. హింస పెరుగుతుందన్నది వారి వాదన. క్యాంపస్ హింసను తేలిగ్గా కొట్టిపారేయలేం. 1972లో జార్జిరెడ్డి హత్య మరిచిపోదగింది కాదు. కానీ ఎన్నికలు లేనిచోట సంఘాలు అంతరించలేదు. అవి పార్టీ కార్యాలయాలకు జవాబుదారీ అయ్యాయి, విద్యార్థులకు కాదు.

తెలంగాణ కులసర్వేలో ముస్లిం బీసీలతో కలిపి వెనుకబడిన తరగతులు 56 శాతానికి పైగా, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని తేలింది. లెక్కించడం అవసరమే, ఆ లెక్కను నేను సమర్థిస్తాను. స్థానిక సంస్థల్లో 42 శాతం బీసీ రిజర్వేషన్‌పై 2025 సెప్టెంబరులో జీవో రావడం, అక్టోబరులో హైకోర్టు దాన్ని నిలిపివేయడం చూశాం. ఆ తగవులో అన్ని పార్టీలూ శాతాల గురించి మాట్లాడాయి. ఆ శాతాల్లో ఉన్న ఇరవై ఏళ్లవాళ్లు ఏమనుకుంటున్నారో అడిగినవారు తక్కువ.

బేగంబజార్‌కు నడిచి వెళ్లేంత దూరంలోని ఇసామియా బజార్‌లో 1910లో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల పిల్లలకు బడి తెరిచారు. తరువాత పత్రికా నడిపారు. చదవడం నేర్పినవాడు రాయడానికి చోటు కూడా చూపించాడు. నా నాలుగు కాగితాల యువకుడికి మనం మొదటిది సగమే ఇచ్చాం.

పోయిన ఆదివారం ఆబిడ్స్‌లో అతను మళ్లీ కనిపించాడు. సర్టిఫికెట్లు ఇంకా రాలేదు. నేను ‘ఆధారం?’ అని రాసిన మూడుచోట్లా జవాబులు రాసి తెచ్చాడు, ఈసారి వెనక తూకాలు లేని తెల్లకాగితాలపై. ఒకచోట తన ఫీజు రసీదు నకలు జతచేశాడు. మూడో జవాబు కింద నాకే ఒక ప్రశ్న రాశాడు: నా విశ్వవిద్యాలయంలో ఈ ఏడాది బకాయిల వల్ల చేరలేకపోయినవారి సంఖ్య ఎంత?

రేపు కార్యాలయంలో కనుక్కోవాలి.