ఊరు విడిచే వేళ

పుట్టిన ఊరిని విడిచి వెళ్లడం ఎవరికైనా కష్టమే. ఉద్యోగం కోసమో, పిల్లల చదువుల కోసమో ఇష్టపడి వెళ్లేవారికి సైతం బస్సు పొలిమేర దాటుతుంటే కళ్లు చెమ్మగిల్లుతాయి. అయితే వారికొక ధైర్యం ఉంటుంది. క్రిస్మస్‌కు మళ్లీ రావచ్చు, పెరిగిన ఇంటి అరుగు మీద మళ్లీ కూర్చోవచ్చు. కానీ తిరిగి రావడానికి ఊరే మిగలని వారి మాటేమిటి?

పోలవరం ముంపు ప్రాంతంలోని లక్షకు పైగా కుటుంబాలది ఇదే పరిస్థితి. జలాశయం 45.72 మీటర్ల పూర్తి మట్టానికి నిండితే దేవీపట్నం, వేలేరుపాడు, కుక్కునూరు, కూనవరం, చింతూరు తదితర మండలాల్లో వందలాది పల్లెలు నీట మునుగుతాయి. దేవీపట్నం మండలంలో చాలా ఊళ్లు ఇప్పటికే ఖాళీ అయ్యాయి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ముంపు ఎలా ఉంటుందో ఆ మండలాల ప్రజలు కళ్లారా చూశారు. ఆ పల్లెల్లో చిన్న చిన్న ప్రార్థనా మందిరాలున్నాయి, వాటి పక్కనే సమాధుల తోటలున్నాయి.

కొన్నేళ్ల క్రితం అలాంటి ఒక ఊరిలో చివరి ఆరాధనకు మమ్మల్ని పిలిచారు. మేము అబ్రాహాము జీవితం మీద వాక్యం చెప్పాం (ఆది 12). ఎక్కడికో తెలియకపోయినా దేవుని మాట నమ్మి ఆయన బయలుదేరాడనీ, మీరూ అలాగే విశ్వాసంతో సాగిపోవాలనీ హెచ్చరించాం. ఆరాధన ముగిశాక ఒక సంఘ పెద్ద మా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగాడు: ‘‘అయ్యగారూ, అబ్రాహామును దేవుడు పిలిచాడండి. మమ్మల్ని నీళ్లు తరుముతున్నాయి. రెండూ ఒకటేనాండీ?’’

మేము జవాబు చెప్పలేకపోయాం. వేదాంత కళాశాలలో చదువుకున్న మాకు తట్టని తేడా ఆయనకు తట్టింది. పిలుపు వేరు, చెర వేరు. ఇష్టపడి వెళ్లిన వాని కథను, ఇష్టం లేకుండా వెళ్లాల్సి వచ్చిన వానికి ఓదార్పుగా చెప్పడం సులువు. అది విన్నవారికి మాత్రం తమ కన్నీళ్లే అవిశ్వాసమేమో అనిపిస్తుంది.

ఆ రాత్రి మేము తెరిచింది యిర్మీయా గ్రంథం. క్రీ.పూ. 597లో యూదా ప్రజలు కొందరు బబులోనుకు చెరగా వెళ్లారు. రెండేళ్లలోనే అందరూ తిరిగి వస్తారని హనన్యా తియ్యగా ప్రవచించాడు (యిర్మీయా 28). యిర్మీయా మాత్రం 70 ఏళ్లు పడుతుందని ఉన్న సంగతి రాశాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని దేవుని మాటగా తెలియజేశాడు (యిర్మీయా 29). బబులోను చెర యూదావారి పాపానికి శిక్ష. మన నిర్వాసితులు ఏ నేరమూ చేయలేదు కాబట్టి ఆ పోలిక ఇక్కడ చెల్లదు. కానీ తాము కోరుకోని చోట కూడా దేవుడు తమతో ఉన్నాడన్నది ఇద్దరికీ వర్తించే సత్యం.

ఊరిని విడుస్తూ ఏడవడం తప్పు కాదు. అపొస్తలుడైన పౌలు ఎఫెసు పెద్దల వద్ద సెలవు తీసుకున్నప్పుడు అందరూ మోకాళ్లూని ప్రార్థించారు, ఆయన మెడను కౌగిలించుకుని ఏడ్చారు, ఓడ వరకు సాగనంపారు (అపొ.కా. 20). విశ్వాసులు వీడ్కోలు చెప్పవలసిన తీరు అది. లోతు భార్య చేసిన తప్పు కన్నీరు పెట్టడం కాదు, అడుగు ముందుకు వేయవలసిన వేళ ఆగి వెనక్కి చూడడం. అందుకే బయలుదేరే ముందు ఇరుగు పొరుగుతో ఉన్న పగలు తీర్చుకోవాలి, చేబదుళ్లు తీర్చాలి, మేలు చేసినవారికి కృతజ్ఞత చెప్పాలి. మూటగట్టుకుని వెళ్లిన పగ కొత్త ఇంట్లోనూ మన కంటే ముందే కాపురం పెడుతుంది.

న్యాయమైన పరిహారం కోసం అడగడమూ అవిశ్వాసం కాదు. తండ్రి వాటా భూమి తమకు కావాలని సెలోపెహాదు కుమార్తెలు మోషే ముందు నిలిచి అడిగినప్పుడు, వారి మాట న్యాయమేనని దేవుడే తీర్పు చెప్పాడు (సంఖ్యా 27). హక్కులడిగే పేదవాడికి ‘సహించు’ అని మాత్రమే బోధించే సంఘం ఈ అధ్యాయాన్ని మళ్లీ చదవాలి.

ఆ ఊళ్లోనే ఒక వృద్ధురాలు మా చేయి పట్టుకుని, ‘‘మా ఆయన సమాధి నీళ్లలో మునిగిపోతే పునరుత్థాన దినాన ఎలా లేస్తాడయ్యా?’’ అని అడిగింది. సముద్రం సైతం తనలోని మృతులను అప్పగిస్తుందని ప్రకటన గ్రంథం చెబుతోంది (20:13). సముద్రాన్నే అడిగి తీసుకునే ప్రభువుకు గోదావరి ఒక లెక్క కాదమ్మా అన్నాం. ఆమె సమాధి మీది మట్టిని పిడికెడు కొంగున ముడివేసుకుంది. మేము వారించలేదు. యోసేపు ఎముకలను ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుండి మోసుకెళ్లలేదా?

ఇక మిగిలింది మనలాంటి వారి బాధ్యత. పునరావాస కాలనీకి దగ్గరలో ఉన్న సంఘాలు వారిని ‘ముంపువాళ్లు’ అని వేరుగా చూడకూడదు. ఆరాధనలో చోటిస్తే సరిపోదు, వారి సాక్ష్యానికీ, పాటకూ, పెద్దరికానికీ చోటివ్వాలి. ఇంటికి పిలిచి అన్నం పెట్టాలి. పరదేశులుగా ఉన్న మనల్ని చేర్చుకున్న క్రీస్తును మనం ఆరాధించేది నిజమైతే, ఇది మనకు భారం కాదు.

మొన్న ఆ సంఘ పెద్దను కొత్త కాలనీలో చూశాం. ఇంటి వెనుక మునగ మొక్కకు నీళ్లు పోస్తున్నాడు. ‘‘ఇంకా ఊరే కలలోకి వస్తుందండీ’’ అన్నాడు. అంటూనే రెండో చెంబు పోశాడు. యిర్మీయా రాసిన లేఖ ఆయన పెరట్లో మాకు కొత్తగా అర్థమైంది. కలలో పాత ఊరున్నా చేతులతో కొత్త నేలను తడపవచ్చు. కన్నీటినీ, ఆ మొక్కనూ కూడా ప్రభువు చూస్తున్నాడు.