వేసవి విహారమును గనిగోతులును

వేసవి సెలవులు రాగానే మన మండలములలో చదువుకొన్న కుటుంబములు కొండలదారి పట్టుట యాచారమైనది. అరకులోయ చూతురు, బొఱ్ఱా గుహలు చూతురు, చల్లగాలి పీల్చి, ఛాయాచిత్రములు తీసికొని మరలి వత్తురు. విహారమును మేము నిందింపము. ఏడాది పొడుగునను ఉక్కలో శ్రమించినవారు నాలుగు దినములు కొండగాలి కోరుట తప్పు కాదు. కాని కొండను చూచి వచ్చితిమని చెప్పుకొనువారు ఆ కొండ కడుపులోనుండి యేమి పోయినదో, ఎవరు త్రవ్విరో, త్రవ్వినవారి యూరికేమి మిగిలినదో ఒక్కమాటయైన నడుగకుండుట తప్పే. చదువుకొన్నవారు చేయుచున్నది గనుక మఱింత తప్పు.

అరకు పోవు రైలునే చూడుడు. సొరంగము వచ్చినప్పుడెల్ల బాలురు కేకలు వేయుదురు, పెద్దలు మురియుదురు. ఆ మార్గము విహారము కొఱకు వేసినది కాదు. బైలాడిల్లా కొండల యినుపరాతిని విశాఖపట్టణము రేవునకు దింపి జపానుదేశమునకు పంపుటకై 1960 దశకమున కొత్తవలసనుండి కిరండూలు వఱకు వేసినది. అనంతగిరి ప్రాంతమున నిమ్మలపాడు మొదలైన గ్రామముల గనికౌలులపైననే ‘సమత’ వ్యాజ్యము నడచినది. షెడ్యూలు ప్రాంతములలో ప్రభుత్వభూమినైనను గనులకై గిరిజనేతరులకు కౌలునకీయరాదని 1997లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. గుహలలో రంగుదీపములు చూచి వచ్చినవారిలో ఈ తీర్పు పేరు విన్నవారెందఱు?

అందుచేత మేము కొందఱము ఉపాధ్యాయులము ఈ వేసవిని వేఱొక దారి పట్టితిమి. నౌపడనుండి బయలుదేఱి, టెక్కలి, శ్రీకాకుళము, పొందూరు మీదుగా చీపురుపల్లి చేరి, గరివిడి, కోడూరు, గర్భాము గనుల ప్రాంతము తిరిగితిమి. టెక్కలి చుట్టును నీలి గ్రానైటు కొఱకు కోసిన కొండలు దారిపొడుగునను కనబడుచునే యున్నవి. చీపురుపల్లి దాటిన పిదప నేల రంగు మాఱును; ఎఱ్ఱమట్టి నడుమ నల్లని రాతిగుట్టలు అగుపడును.

నౌపడవారికి ఉప్పుమళ్లు తెలియనివి కావు. సముద్రపునీటిని మళ్లలోనికి పెట్టి, ఎండకు ఇంకించి, పేరిన యుప్పును కుప్పవేయుదురు. వానకు మళ్లు మునిగినను మరుసటి వేసవికి సముద్రము మరల నిచ్చును. కావుననే దానిని ఉప్పుపంట యందురు. గనిరాయి యట్టిది కాదు. ఒకసారి త్రవ్వి తీసినచో ఆ గోతిలో అది మరల పండదు. ఈ భేదమొక్కటి మనసున నుంచుకొన్నచో మేము చెప్పబోవునదంతయు తేటపడును.

మన దేశమున మాంగనీసు త్రవ్వకము మొట్టమొదట నారంభమైనది ఈ ప్రాంతముననే. 1892 నాటికే విజయనగరం మైనింగు కంపెనీ ఇచ్చట పనిలో దిగినది. మాంగనీసు లేనిదే మంచి ఉక్కు లేదు. కరగిన లోహములోని గంధకము, ప్రాణవాయువుల దోషమును పోగొట్టునది అదియే. ఇంగ్లండున రాబర్టు హాడ్‌ఫీల్డు 1882లో కనిపెట్టిన మాంగనీసు ఉక్కు, రైలుపట్టాల కూడళ్లకును, రాళ్లను పిండిచేయు యంత్రములకును ప్రసిద్ధికెక్కినది. పాశ్చాత్యదేశముల కొలుములకు అట్టి ముడిసరకు మన చీపురుపల్లి సీమనుండి ఓడలమీద పోయినది. భూగర్భశాస్త్రజ్ఞుడు లూయిసు ఫెర్మరు 1909లో భారతదేశపు మాంగనీసు నిక్షేపములపై వేయి పుటలకు మించిన గ్రంథమును వెలువరించెను. ఇచ్చటి శిలకు కోడూరు పేరిట ‘కోడురైటు’ అని నామకరణము చేసినవాడు నాతడే. పరదేశీయుడు మన పల్లె పేరును ప్రపంచపు శిలాశాస్త్రములో నిలిపెను. మన బడిపిల్లవాడు కోలారు బంగారుగనులను గూర్చి వల్లించును గాని కోడూరు పేరెఱుగడు. ఈ లజ్జ ఎవరిది? పాఠము చెప్పు మా వృత్తివారిదియు, పాఠము చెప్పించు తల్లిదండ్రులదియు గాదా?

మేము చూచిన యొక పాతగోతిలో వాననీరు నిలిచి చెఱువువలె నుండెను. చెఱువునకు గట్టుండును, దిగుటకు మెట్టుండును. దీనికి నిలువుగోడలు తప్ప మఱేమియు లేదు. కంచెయైన లేదు. దరిని పశువులు మేయుచుండెను. రాయి ఓడలెక్కి పోయినది. గొయ్యి యూరికి మిగిలినది.

కూలి దొరికినది గదా, 1950 దశకమున గరివిడిలో కర్మాగారము వెలసినది గదా యని వాదించువారు కలరు. దొరికినది, వెలసినది, మేము కాదనము. కాని కూలి చేసిన పనికి ప్రతిఫలము. పోయిన రాతికి ప్రతిఫలము వేఱు. ఇల్లాలు పుట్టింటి నగను అమ్మి ఆ నెల సంసారము గడిపినచో దానిని ఆదాయమని ఏ గృహస్థుడైన లెక్క వ్రాయునా? నగ నమ్మి పొలము కొన్నచో సొత్తు రూపము మాఱినదందుము; నగ నమ్మి తిన్నచో సొత్తు తీఱినదందుము. ఇంటిలో తెలిసిన ఈ లెక్క ఊరి విషయమున మనకేల మఱపునకు వచ్చును? పోయిన రాతికి బదులుగా బడియో, వైద్యశాలయో, మంచినీటి వసతియో నిలిచినదా యని అడుగవలసినవారము మనమే.

వైద్యశాల మాట ఊరక చెప్పినది కాదు. 1837లో స్కాట్లండున జేమ్సు కూపరు అను వైద్యుడు మాంగనీసు ధూళిలో పనిచేసిన కూలీల కాళ్లు పట్టు తప్పి తూలుచుండుటను గుర్తించి వ్రాసెను. దాదాపు రెండు శతాబ్దములు గడచినవి. సుత్తెతో రాయి పగులగొట్టి, మేలురాయి నేరి గంపల కెత్తిన కూలివారిలో, ముదిమిలో చేయి వణకినప్పుడు తాము చేసిన పనిని వైద్యునితో చెప్పుకొనువారెందఱు? అడుగు వైద్యులెందఱు? వార్ధక్యమని సరిపుచ్చుకొనుట సులభము.

చట్టము లేదనవలదు. గని మూసివేతకు ప్రణాళిక యుండి తీరవలెనని 2003 నుండియే నియమము కలదు. అంతకు పూర్వమే విడిచిన గోతులకు మాత్రము జవాబుదారి దొరకుట కష్టము. కావున వానిని గూర్చి ప్రజలే గట్టిగా నడుగవలెను. 2015లో గనుల చట్టమును సవరించి జిల్లాకొక ఖనిజనిధి నేర్పఱచిరి. పాత కౌలుదారులు తాము చెల్లించు రాయల్టీలో నూటికి 30 వంతులకు సమానమైన సొమ్మును, వేలములో కౌలు పొందినవారు నూటికి 10 వంతులకు సమానమైన సొమ్మును రాయల్టీకి అదనముగా ఆ నిధికీయవలెను. త్రాగునీరు, విద్య, వైద్యము మొదలగు వానికి అందు పెద్దభాగము వినియోగింపవలెనని నియమించిరి. నిధి యున్నది, లెక్క యడుగు నోరు లేదు. చదువురాని కూలికి ఆ నిధి పేరే తెలియదు. చదువుకొన్నవాడు విహారములో నున్నాడు.

కావున చదువరులకు మా విన్నపమిది. వచ్చు వేసవిని అరకు పోవువారు పొండు. కాని ఒక్క దినము గరివిడి, గర్భాము దారికి కేటాయింపుడు. పిల్లలకు గోతిని చూపి, అందలి రాయి ఎక్కడికి పోయినదో చెప్పుడు. ఉపాధ్యాయులు తమ యూరి గనిచరిత్రను తెలుగున పాఠముగా వ్రాసి బోధింపవలెను. గనులున్న గ్రామములవారు ఖనిజనిధి లెక్కను గ్రామసభలో చదివింపవలెను. విడిచిన గోతికి కంచెయైన వేయింపవలెను. ఇందులో ఏ యొక్కటియు మన శక్తికి మించినది కాదు. ఇంటి నగ లెక్క తప్పనీయని గృహస్థులు కొండ లెక్కను కూడ తప్పనీయకుందురు గాక.